అమ్మోరున్న ఇంట పొగ

నారాయణమ్మ మొహం మీద వేలు పెడితే నున్నని చోటు తగిలేది కాదు. నుదుటి మీద, బుగ్గల మీద, ముక్కు కొసన, చివరికి కనురెప్పల మీద కూడా చిన్న చిన్న గుంటలు. మెత్తని దుమ్ములో తొలి చినుకులు పడి ఆగిపోతే ఎలా ఉంటుందో అలా ఉండేది ఆ మొహం. నరసన్నపేట నుంచి తూర్పుగా పోయే దారిలో, కాలవ దాటాక వచ్చే ఆ చిన్న ఊళ్ళో ఆమె ఈడువాళ్ళందరికీ భుజం మీద టీకా మచ్చలు ఉండేవి. భుజం నున్నగా ఉండి మొహమంతా మచ్చలైనది ఆమె ఒక్కతే.

దానికి కారణం ఒక గాదె. మశూచి ఈ దేశం వదిలిపోవడానికి కొన్నేళ్ళ ముందు మాట. టీకాల వాళ్ళు ఆమె పుట్టిన ఊళ్ళోకి దిగారని తెలియగానే తల్లి పిల్లలిద్దరినీ ఖాళీ వడ్లగాదెలోకి దింపి పైన తడక కప్పేసింది. సూది గుచ్చితే ఎక్కడో ఊరి బయట ఉన్న అమ్మోరు కోపంతో ఇంట్లోకి వస్తుందని ఆవిడ భయం. గాదెలో చీకటి, పాత ధాన్యం దుమ్ము. తమ్ముడు రాముడికి తుమ్ము వస్తుంటే నారాయణమ్మ వాడి ముక్కూ నోరూ అరచేత్తో మూసి పట్టుకుంది. పైన తల్లి, పిల్లలు అమ్మమ్మగారి ఊరు వెళ్ళారని టీకాల వాళ్ళతో చెబుతోంది. వాళ్ళు వెళ్ళిపోయారు. తమ్ముడి తుమ్మును తానే ఆపానని ఆ పిల్ల కొన్నాళ్ళు మురిసిపోయింది కూడా. ఆ ఎండాకాలమే ఇద్దరికీ పోసింది. నారాయణమ్మ లేచింది. రాముడు లేవలేదు.

పెళ్ళీడు వచ్చాక ఆ మొహం చూసి వచ్చిన సంబంధాలు వచ్చినట్టే పోయాయి. పెళ్ళికొడుకు నరసింగరావు తల్లి కూడా నసిగింది. అతను మాత్రం పెద్దల ముందే తల్లితో, “ఈ గుంటకింక అమ్మోరు రాదే. గేరంటీ సరుకు. తెచ్చీసుకుందుం,” అన్నాడట. ఆ మాట నారాయణమ్మ జీవితాంతం చెప్పుకుని నవ్వేది.

అత్తవారి ఊళ్ళో ఆ మొహమే ఆమెకొక పని తెచ్చిపెట్టింది. ఎవరింట పిల్లలకు ఆటలమ్మ పోసినా ముందు నారాయణమ్మకే కబురు. తక్కినవాళ్ళు గుమ్మంలో ఆగిపోయే ఇంటిలోకి ఆమె చక్కా నడిచి వెళ్ళేది. అమ్మోరు తనను ఒకసారి చూసి వదిలేసింది, మళ్ళీ చూడదు. ఆమెకూ అదే నమ్మకం, ఊరికీ అదే నమ్మకం. గుమ్మానికి వేపమండ కట్టేది. పసుపునీళ్ళలో వేపాకు వేసి ఒళ్ళు తుడిచేది. దురద పుట్టిన చోట గోరు తగలనీయకుండా వేపరెమ్మతో రాస్తూ మంచం పక్కనే కూచునేది. అమ్మోరు ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ఏమేం కూడదో ఆమె చెప్పిందే చట్టం. తాలింపు పెట్టకూడదు, ఆ ఘాటు గిట్టదు. చేపలు వేయించకూడదు. తల దువ్వకూడదు. సూది పొడిపించకూడదు. పొగ పెట్టకూడదు. అమ్మ వేడి మీద వచ్చింది, మనం ఇంకా వేడి చేస్తే రగిలిపోతుంది. సల్లగా చూస్తే సల్లగా దిగిపోతుంది.

ఆటలమ్మ దానంతట అదే తగ్గే జబ్బు. కాబట్టి ఆమె చెయ్యి మంచిదని పేరు వచ్చింది. అందరూ దూరంగా జరిగిపోయిన వేళ దగ్గరకు వచ్చి నుదుటి మీద పడ్డ ఆ చెయ్యి గరుకు, పడ్డవాళ్ళకు ఇప్పటికీ గుర్తే.

తిత్లీ తుపాను వచ్చిన ఏడాది చలికాలంలో నరసింగరావు పోయాడు. ఛాతీలో నొప్పి అన్నాడు, నరసన్నపేట తీసుకెళ్ళేలోపే అయిపోయింది. కొడుకు గిరిబాబు సామాన్ల ఆటో తోలుతూ తల్లి దగ్గరే ఉన్నాడు. ఇంట్లో మనుషులకు లోటు లేదు. కానీ నరసింగరావు చేతి మీద పెరిగిన ప్రాణి ఒకటి పెరట్లో ఉంది. దాని పేరు సుక్క. తల్లి ఈనుతూనే చచ్చిపోతే వెదురుగొట్టంతో పాలు పట్టి పెంచాడు దాన్ని. తుపాను గాలికి శాల కప్పు ఎగిరిపోతే నడింట్లోకి తెచ్చి కట్టి, రాత్రంతా పక్కన కూచున్నాడు. అతను పోయాక అతని తువ్వాలును నారాయణమ్మ గాటికి కట్టింది. సుక్క దాన్ని నాకి నాకి అంచు పోగులన్నీ లేపేసింది. రోజూ చీకటి పడేలోపు ఆ మెడ నిమురుతూ, ఇంటి సంగతులన్నీ నరసింగరావుకి చెప్పినట్టే దానికి చెప్పుకునేది. వానాకాలం వచ్చేసరికి ఆవు చూడిది. నెలలు నిండుతున్నాయి. ఆమె కోరికల్లా ఒక్కటే, అది క్షేమంగా ఈనాలి, తనకన్నా ఎక్కువ కాలం బతకాలి.

ఆ మరుసటి ఏడు, వానలు వెనకబడి ఒక్కసారిగా ముంచుకొచ్చిన రోజుల్లో, వీధి చివరనున్న గంగులు వచ్చి పిలిచాడు. తన ఎద్దుకి ఏదో అయిందని, ఒళ్ళంతా కందులు చల్లినట్టుందని, ఒకసారి వచ్చి చూడమని అడిగాడు. నారాయణమ్మ వెళ్ళింది. మెడ నుంచి తోక దాకా చర్మం కింద గట్టి గడ్డలు. కొన్ని రేగుపండంత, కొన్ని ఉసిరికాయంత. కళ్ళవెంట నీళ్ళు, ముక్కు చీమిడి. ఒళ్ళు కాలిపోతోంది. ఆమె ఒక గడ్డ మీద చెయ్యి వేసి నొక్కి చూసింది. అమ్మోరి పొక్కులో నీరుంటుంది. ఇందులో లేదు. ఆ చిన్న తేడా ఆమె వేళ్ళకు తెలిసింది. అయినా జ్వరం ఉంది, పేలడం ఉంది, చుట్టూ నిలబడిన జనం ఆమె నోటి వంక చూస్తున్నారు.

“అమ్మోరే,” అంది. “మనుసుల్ని వొగ్గీసి పసువు మీద కూకున్నాది.”

గంగులు ఊరుకోలేదు. “ఎద్దు మీద కూకుంటే శివుడు కూకోవాల గాని, ఈయమ్మకేటి పనప్పా?” అన్నాడు. అతని భార్య దానమ్మ చెంపలు వేసుకుని, మొగుణ్ణి కూడా వేసుకోమంది. నారాయణమ్మ నవ్వలేదు. పసుపునీళ్ళు కలిపించింది, వేపమండ కట్టించింది, సూది వద్దంది. వెళ్ళబోతూ శాల మూలనున్న పొగకుండ చూసింది. ఆ వైపు ఊళ్ళల్లో పొద్దు వాలగానే ప్రతి శాలలోనూ ఊకా వేపాకూ పిడక ముక్కా వేసి పొగ పెడతారు. వానాకాలంలో అది లేకపోతే జోరీగలు, దోమలు పశువుని నిలవనివ్వవు.

“ఇది తీసీయండి,” అంది. “అమ్మోరున్న ఇంట పొగేటి?”

ఒక శాలలో పొగ మానితే చాలదు, పక్క శాల పొగ గాలికి ఇటే వస్తుంది. అందుకని వీధి వీధంతా మానేసింది. ఆమె మాట అంటే అంత గౌరవం. ఆ సాయంకాలం నుంచి వీధిలో పొగ వాసన లేదు. పశువులు కాళ్ళు నేలకేసి కొడుతూ, తోకలు విసురుతూ నిలబడ్డాయి. మెడల కింద, పొదుగుల దగ్గర జోరీగలు నల్లగా అంటుకున్నాయి. అవి ఒకదాని మీద నుంచి లేచి ఇంకొకదాని మీద వాలేవి.

మరో శాలలో గడ్డలు లేచాయి. ఆ పక్కదానిలో. నారాయణమ్మ ఒక్కోదానికీ వెళ్ళి పసుపునీళ్ళు చిలకరించి, సల్లగా చూడు తల్లీ అని దణ్ణం పెట్టి వస్తోంది. ఒక సాయంకాలం సుక్క మెడ నిమురుతుంటే, కంటికన్నా ముందు చెయ్యి పసిగట్టింది. చర్మం కింద రేగుగింజంత గట్టిదనం. ఇంకొంచెం కిందికి ఇంకొకటి. ఆమె చెయ్యి తీయలేదు. తీస్తే నిజమైపోతుందన్నట్టు అలాగే ఉంచి నిలబడింది.

గిరిబాబు మర్నాడే పశువుల డాక్టరు హరిబాబుని ఆటోలో ఎక్కించుకుని వచ్చాడు. ఒక్కడే అన్ని ఊళ్ళకూ తిరుగుతున్నాడేమో, డాక్టరు మనిషి నలిగిపోయి ఉన్నాడు. సుక్కని చూసి, గడ్డలు నొక్కి, లెక్కపెట్టబోయి మానేసి శాల గట్టుమీద కూచున్నాడు.

“చదువుకునే రోజుల్లో దీని గురించి ఒక్క పేజీ ఉండేదమ్మా,” అన్నాడు. “మన దేశంలో లేని జబ్బు, పరీక్షలో రాదని వదిలేశాను. ఇప్పుడు ఒరిస్సాలో వచ్చిందంటున్నారు. ఇది అదే అనుకుంటున్నాను. లంపీ అంటారు.”

దానమ్మతోనూ వీధివాళ్ళతోనూ పాటు వచ్చిన గంగులు అందుకున్నాడు. “లంపమ్మా? ఇదేటి కొత్త అమ్మోరు? ఏ ఊరు నుంచొచ్చినాదో?”

మందు లేదని డాక్టరు దాచకుండా చెప్పాడు. ఇది వైరస్, దీన్ని చంపే మందు తన సంచిలోనే కాదు, ఎక్కడా లేదు. జ్వరానికి ఒకటి, పుండ్లు చీము పట్టకుండా ఒకటి సూది వెయ్యగలడు. చాలా పశువులు తట్టుకుని లేస్తాయి. చూడివాటికే కష్టం.

సూది అనే మాట వినగానే అందరూ నారాయణమ్మ వైపు తిరిగారు.

“ఒదినా, మా ఎద్దుకి సూదొద్దని నువ్వే కదా అన్నావు?” అంది దానమ్మ.

నారాయణమ్మ గాటికి కట్టిన తువ్వాలు వంకే చూస్తూ నిలబడింది. “మాయమ్మ మమ్మల్ని గాదెలో దాసింది. నాను దీన్ని ఏ గాదెలో దాసను?” అని, డాక్టరుకి దారి ఇచ్చి పక్కకు జరిగింది. వీధివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

హరిబాబు పెట్టిన కబురుకి ఒక శాస్త్రవేత్త వచ్చింది. పేరు కుసుమకుమారి. భోగాపురం దగ్గర రేవు ఊరిలో చేపలు పట్టేవాళ్ళింటి పిల్ల. పశువుల జబ్బులు పరిశోధించే చోట పని. చంకలో నీలం రంగు ఐసుపెట్టె. ఆవిడ మాట మొదట్లో పుస్తకంలోలా ఉన్నా, కాసేపు కూచున్నాక సొంత యాసలోకి జారింది. చేతులకు తొడుగులు వేసుకుని సుక్క ముందు గొంతుక్కూచుని, ఎండిన గడ్డ మీది పెచ్చును చిన్న పట్టకారుతో మెల్లగా లేపి సీసాలో వేసింది. ముక్కులోంచి దూదిపుల్లతో తీసింది. మెడ నరం నుంచి కొంచెం నెత్తురు. ప్రతి సీసా మీదా ఏదో రాసింది.

ఆవు పేరేమిటని అడిగితే, ఆ సీసా మీద పేరు కూడా రాస్తారా అని నారాయణమ్మ ఎదురు అడిగింది. రాయనక్కర్లేదుగానీ రాస్తానంది కుసుమకుమారి. రాసింది.

పెచ్చు ఏం చేసుకుంటారని నారాయణమ్మకు సందేహం. తన ఒంటి పెచ్చులు రాలినప్పుడు తల్లి మూటకట్టి ఏట్లో కలిపింది. కుసుమకుమారి ఓపిగ్గా చెప్పింది. ఆ పెచ్చును నూరి, నీళ్ళలో కలిపి, సీసాల్లో పెంచుతున్న గొర్రెపిల్ల కణాల మీద పోస్తారు. వైరస్ ఒంటరిగా బతకలేదు, ఇంకొకరి ఇంట్లో దూరితేనే దానికి బతుకు. కణాలు ముడుచుకుని చచ్చిపోతుంటే లోపల అది పెరుగుతోందని అర్థం. కొంత తీసి మిషనులో పెట్టి, దాని కడుపులో ఉన్న రాతను లక్షల ప్రతులు చేసి చదువుతారు. ఏ దేశపు వైరస్ రాతకు అది దగ్గరగా ఉందో పోల్చి చూస్తే, ఎటునుంచి నడిచి వచ్చిందో కొంత తెలుస్తుంది. తొంభై ఏళ్ళ కిందట ఆఫ్రికాలో దీన్ని తొలిసారి చూశారు. అక్కడి నుంచి ఎన్ని దేశాలు దాటి ఈ వీధికి వచ్చిందో.

ఫోనులో బొమ్మలు కూడా చూపించింది. కంటికి కనపడనివాటిని కొన్ని వేల రెట్లు పెద్దవి చేసి తీసిన బొమ్మలు. పిచ్చికుక్క కాటులో ఉండేది తుపాకీ గుండులా ఉంది. గాలికుంటుది ఆవగింజలా గుండ్రంగా ఉంది. కోళ్ళను ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టే కొక్కెర తెగులుది మరో రకం. రొయ్యలకు తెల్లమచ్చ తెచ్చేది గుడ్డులా పొడుగ్గా, చివర తోకతో ఉంది. ఆవిడ అన్నయ్య చెరువులన్నీ అదే ఒక్క వారంలో తెల్లగా తేల్చేసిందట. ప్రతి ప్రాణికీ దాని వైరస్‌లు దానికున్నాయనీ, గబ్బిలాల్లో, పక్షుల్లో, చేపల్లో ఎన్ని రకాలున్నాయో లెక్క కట్టినవాళ్ళు లేరనీ, పేరు పెట్టినవి గుప్పెడు, పెట్టనివి సముద్రమనీ చెప్పింది.

తరవాత ఇటుకలాంటి బొమ్మ ఒకటి తీసింది. “ఇదిగో, సుక్కకొచ్చినది ఇలాగుంటాది. మేకలకొచ్చేదీ, గొర్రెలకొచ్చేదీ దీనికి సొంత అక్కచెల్లెళ్ళు. కోళ్ళ మొహాన పేలేది దూరపు చుట్టం.” ఆగి, నారాయణమ్మ మొహం వంక చూసి, మళ్ళీ ఫోను వంక చూసింది. “నీకు చిన్నప్పుడొచ్చినది కూడా ఈ ఇంటిపేరుదే పిన్నీ. ఇంటిపేరు ఒకటే, ఇళ్ళు వేరు. అది మనుషుల్ని తప్ప ఎవరినీ ముట్టుకోలేదు, ఇది మనుషుల్ని ముట్టుకోదు.”

నారాయణమ్మ ఆ ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. రాముణ్ణి తీసుకుపోయినది ఇటుక ముక్కలా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. “అయితే నాను తప్పనలేదన్నమాట,” అంది. “అమ్మోరే.”

“ఓ రకంగా,” అంది కుసుమకుమారి.

ఆ మాటకు నారాయణమ్మ ఒళ్ళు కొంచెం నిటారైంది. పసుపునీళ్ళు తెస్తానని లేచింది. అప్పుడే కుసుమకుమారి సుక్క పొట్ట కింద చూసింది. జోరీగలు గుంపుగా పట్టి ఉన్నాయి. తోలితే లేచి, గోడ అవతలి శాల వైపు వెళ్ళాయి.

“ఇదేటి పిన్నీ, ఇన్ని ఈగలున్నాయి, ఇక్కడ పొగెయ్యరా?”

“రోజూ ఏస్తాం. ఇప్పుడు మానీసినాం. అమ్మోరున్న ఇంట పొగేటమ్మా?”

కుసుమకుమారి తొడుగులు విప్పి సంచిలో వేసింది. గోడ వంక చూసింది, వీధి వంక చూసింది. ఏ శాల మీదా పొగ లేదు. ఆవిడ మొహం చూస్తూ ఉండగానే నారాయణమ్మకు ఏదో అర్థమవడం మొదలైంది.

“ఏటి? సెప్పు.”

“ఇదెలా పాకుతాదో పూర్తిగా ఎవరికీ తెల్దు పిన్నీ. పశువు ఒంటి మీద కుట్టిన ఈగ, దోమ ఇంకోదాన్ని కుడితే పాకుతాదని మాత్రం సుమారుగా తెలుసు. పొగేసినా వచ్చేదేమో. పొగ ఒక్కటే ఆపలేదు.”

“మానీమన్నది నానే.”

కుసుమకుమారి ఆమె చెయ్యి పట్టుకుంది.

టీకా లేదా అని గిరిబాబు అడిగాడు. దీనికంటూ సొంత టీకా మన దగ్గర లేదనీ, మేకల మశూచికి వేసేది దీన్ని కూడా కొంత ఆపుతుందని బయటి దేశాల అనుభవమనీ, ఇక్కడ ఆవులకు వెయ్యమని ఇంకా ఎవరూ చెప్పలేదనీ, చెప్పినా జబ్బు దిగినదానికి వేసి లాభం లేదనీ ఆవిడ జవాబు. సుక్క నాకిన గుడ్డలు, రాలిన పెచ్చులు కాల్చేయమని చెప్పింది. ఎండిన పెచ్చులో అది నెల దాకా కూడా బతికే ఉంటుంది. ఐసుపెట్టె మూత బిగించి వెళ్ళిపోయింది.

ఆ సాయంకాలమే నారాయణమ్మ పొగకుండ దించి ఊక పోసింది. తువ్వాలు విప్పి చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. కుండలో వెయ్యలేకపోయింది. చివరికి గిరిబాబే తీసుకుని వేశాడు. ఉప్పుచెమట పట్టిన పాతగుడ్డ కదా, వెంటనే అంటుకోలేదు.

సుక్క మేత మానేసింది. గొంతులో కూడా గడ్డలు లేచినట్టున్నాయి, కుడితి మింగడానికి మెడ చాచి చాచి అవస్థపడేది. ముందుకాళ్ళు వాచి దుంగలయ్యాయి. హరిబాబు వీలు చేసుకుని వస్తూనే ఉన్నాడు, సూదులు వేస్తూనే ఉన్నాడు. ఒక ఉదయం దూడ పడిపోయింది, నెలలు నిండకుండానే. మగదూడ. వెంట్రుకలు ఇంకా సరిగా రాలేదు. నుదుటి మీద తల్లికున్నచోటే తెల్లమచ్చ మాత్రం ఉంది. సుక్క దాన్ని నాకడానికి లేవబోయింది, కాళ్ళు లేవలేదు. నారాయణమ్మ దూడను ఎత్తి తెచ్చి దాని మూతి దగ్గర పెట్టింది. నాకింది. ఆ రోజంతా నాకుతూనే ఉంది. తెల్లారి చూస్తే రెండూ చల్లగా ఉన్నాయి.

గిరిబాబు నౌపడ నుంచి ఉప్పు బస్తాలు వేసుకొచ్చాడు. పొలం గట్టు పక్క లోతుగా గొయ్యి తీసి, ఉప్పూ సున్నమూ పోసి పూడ్చారు. మొయ్యడానికి గంగులు వచ్చాడు. గొయ్యి పూడ్చాక నెమ్మదిగా, తన ఎద్దు నిన్నటినుంచి గడ్డి కొరుకుతోందని చెప్పాడు. సంతోషాన్ని దాచుకోవాలని చూశాడు, చేతకాలేదు.

ఆ ఎద్దు లేవడమే నారాయణమ్మ నెత్తిన పడింది. సూది పొడిపించని ఎద్దు లేచింది, సూది పొడిపించిన ఆవు చచ్చింది. ఊరికి ఇంకేం రుజువు కావాలి? చాలా పశువులు ఎలాగూ లేస్తాయని హరిబాబు మొదటిరోజే చెప్పిన మాట ఎవరికీ గుర్తులేదు. నారాయణమ్మ మాట తప్పింది కాబట్టి అమ్మోరు ఆమె ఆవును తీసుకుపోయిందని తీర్మానమైపోయింది.

చివరి వానలు పడుతున్న రోజుల్లో కుసుమకుమారి ఫోను చేసింది. ఫలితం వచ్చింది. అనుకున్నదే. ఆవిడ గొంతులో బెరుకుంది. సుక్క సంగతి హరిబాబు చెప్పాడట.

“పేరు తెలిసినాది కదా,” అంది నారాయణమ్మ. “తెలిసినాక ఏటి సేస్తారు?”

“రాసి పెడతాం పిన్నీ. మిగతావాటితో పోల్చి చూస్తాం. ముందుముందు టీకా చేసేవాళ్ళకు పనికొస్తాది. సుక్క దగ్గర తీసిన పెచ్చు గడ్డకట్టే పెట్టెలో దాచాం. అందులోది ఇంకా బతికే ఉంది.”

“ఆవు పోనాది, అదున్నాదా,” అంది నారాయణమ్మ, ఎవరితోనో అన్నట్టు. తరవాత, “ఆ సీసా మీద పేరలాగే ఉంచమ్మా,” అని ఫోను కొడుక్కి ఇచ్చేసింది.

ఆ పొద్దు వాలుతుండగా ఆమె వీధిలోకి వెళ్ళింది. ఇదివరకులా ఎవరి శాలలోనూ అడుగు పెట్టలేదు. నిన్నటిదాకా ఎక్కడికైనా జంకకుండా పోయే కాళ్ళు, దేన్నైనా ముట్టుకునే చేతులు. ఇప్పుడు వాటికి ఏం అంటుకుని ఉందో ఆమెకే తెలియదు. గుమ్మాల బయట నిలబడి, పొగెయ్యండి అని చెప్పింది. జబ్బువాటిని వేరే కట్టండి, ఈగల్ని తోలండి అని చెప్పింది. కొందరు విని తల ఊపి లోపలికి పోయారు. ఆవు పోయి మతి చలించిందని ఒకరు వెనకనుంచి అనడం వినిపించింది. దానమ్మ ఇంటి ముందు మాత్రం ఎక్కువసేపు నిలబడింది. ఎద్దు లేచింది నిజమే, కానీ ఇంకా పెచ్చులు రాలుతున్నాయి. దాని పక్కనే పాలావు కట్టి ఉంది. నున్నని ఒళ్ళు, ఇంకా ఏమీ తగలనిది.

“దానమ్మా, నాను తప్పు సెప్పినాను. పొగెయ్యే. ఆ పాలావుకైనా ఎయ్యి.”

దానమ్మకు కోపం లేదు. జాలిగానే చూసింది. “నువ్వు సెప్పింది ఇన్నాం, మా ఎద్దు లేసింది ఒదినా. ఇంక నువ్వేటి సెప్పినా మాకొద్దు. అమ్మోరు పూర్తిగా దిగనీ. అమ్మోరున్న ఇంట పొగేటి?”

తన మాటే, తన గొంతు విరుపుతోనే తిరిగి వచ్చింది. ఇన్నేళ్ళూ ఇంటింటా చెప్పి చెప్పి గట్టిచేసిన మాట అది.

ఇంటికి వచ్చి శాలలో కూచుంది. గాటికి తువ్వాలు కట్టిన చోట ఒరిసిన మచ్చ ఒకటి మిగిలి ఉంది. నేల మీద సుక్క పడుకున్న చోట మట్టి ఇంకా గుంటగా ఉంది. కుండ ముందుకు లాక్కుంది. పిడక ముక్క పెట్టి, ఊక పోసి, పైన పచ్చి వేపాకు కప్పింది. నోటితో ఊదింది. కళ్ళవెంట నీళ్ళు కారాయి, పొగకే. గిరిబాబు గుమ్మంలో నిలబడి, శాలలో ఏముందని పొగేస్తన్నావే అమ్మా అని అడగబోయి, ఊకబుట్ట తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

గాలి వీధి వైపుకే ఉంది. పొగ ఖాళీ శాల దాటి, గోడ దాటి, వీధి వెంట దానమ్మ ఇంటి మీదుగా మెల్లగా పాకింది. అవతల ఎవరో లేచిన చప్పుడైంది. కిటికీ రెక్కలు ఒకదాని తరవాత ఒకటి మూసుకున్నాయి.

నారాయణమ్మ ఇంకో గుప్పెడు ఊక వేసింది.